పొగమంచులో వినిపించిన ఆట

మా ఊళ్ళో పొగమంచు ఆకాశం నుంచి దిగదు, కింది నుంచి ఎక్కి వస్తుంది. మాది ఆస్ట్రేలియాలోని టూవూంబా, కొండ అంచున కూర్చున్న ఊరు. తూర్పున లోయ, లోయ అవతల దూరంగా బ్రిస్బేన్, ఆపైన సముద్రం. సముద్రపు గాలి తేమను మోసుకొచ్చి కొండను తాకగానే తెల్లబడుతుంది. తొందరేమీ లేనట్టు పైకి పాకి, ముందు వీధి చివరి ఇంటిని, తర్వాత దాని ముందున్న కారును, ఆ తర్వాత మన గేటును తనలో కలిపేసుకుంటుంది. అనంతపురంలో పుట్టి పెరిగినదాన్ని. అన్ని నీళ్ళు గాలిలో ఊరికే తిరుగుతుంటే, వచ్చిన కొత్తలో, ఎవరో కుళాయి కట్టేయడం మరచిపోయారనిపించేది.

అనంతపురంలో నేను డ్రిల్లు టీచరుని. మా ఆయనకు ఇక్కడి ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చాక నేనూ మళ్ళీ చదివి, పరీక్షలు రాసి, ఒక హైస్కూల్లో ఆటల టీచరుగా చేరాను. ఇంటర్వ్యూలో నన్నంతా క్రికెట్ గురించే అడిగారు. ఇండియా మనిషి కదా, పుట్టుకతోనే వచ్చుంటుందని వాళ్ళ నమ్మకం. నాకు వచ్చింది ఫుట్‌బాల్ అంటే, "దాన్నిక్కడ సాకర్ అంటాం" అని దిద్ది ఉద్యోగం ఇచ్చారు. దానికి తోకలాగా ఊరి సాకర్ క్లబ్బులో ఆడపిల్లల జట్టు కూడా నా చేతికి వచ్చింది. రిటైరయ్యేదాకా ఆ తోకే నాకు అసలు ఉద్యోగం.

ఇప్పుడు ఖాళీగా ఉన్నాను కాబట్టి, కోచింగ్ నేర్చుకుంటున్న పిల్లలూ, కూతుళ్ళను కార్లలో ఎక్కించుకుని మైదానాల వెంట తిరిగే అమ్మానాన్నలూ అప్పుడప్పుడు అడుగుతుంటారు. ఏ క్లబ్బులో చేర్చాలి? చిన్న క్లబ్బులోంచి పెద్దదానికి ఎప్పుడు మారాలి? అమెరికా కాలేజీ కోచ్‌ల కంట పడాలంటే ఏం చేయాలి? నా దగ్గర సూత్రాలేమీ లేవు. ఒక శనివారం మాత్రం ఉంది. అది చెప్తాను.

బాగా ఆడే ఆడపిల్లలను అమెరికా కాలేజీలు స్కాలర్‌షిప్ ఇచ్చి తీసుకెళ్తాయని మీకు తెలుసు. వాళ్ళ కోచ్‌లు అప్పుడప్పుడు వచ్చి సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ లాంటి చోట్ల పెద్ద క్లబ్బుల ఆటలు చూసి, కావలసిన పిల్లల్ని ఎంచుకుని వెళ్ళిపోతారు. కొండ మీది ఊళ్ళకు రారు. అందుకని మా జట్టులో కాస్త మెరిసిన పిల్ల ఎవరైనా సరే, ఏదో ఒక ఏడాది కొండ దిగిపోయేది. అంటే ఇల్లు మారడం కాదు. స్కూలు వదలగానే కారులో బ్రిస్బేన్‌కి ప్రాక్టీసు కోసం దిగడం, చీకట్లో మళ్ళీ ఎక్కి రావడం. కారులోనే తిండి, కారులోనే హోంవర్కు, కారులోనే నిద్ర. వాళ్ళను తప్పు పట్టలేదు. ఆశ ఉన్నచోట పెట్రోలు పొయ్యక తప్పదు.

నాకు తోడుగా ఒక అసిస్టెంటు కోచ్ ఉండేవాడు. వృత్తికి ప్లంబరు, నాకంటే పెద్దవాడు, తలుపులోంచి వంగి రావలసినంత ఎత్తు. నన్ను "లవ్" అని పిలిచేవాడు. మొదటిసారి విన్న రోజు ఇంటికెళ్ళి మా ఆయనతో చెప్పాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. తర్వాత తెలిసింది, రొట్టెల కొట్టావిడనీ తన కుక్కనీ కూడా ఆయన అలాగే పిలుస్తాడని.

మా జట్టుకు ఒక వింత అలవాటు ఉండేది. ఆట వేడెక్కితే నా నోటికి ఇంగ్లీషు రాదు. "ఎనక! ఎనక చూడు!" అని అరిచేదాన్ని. పిల్లలు మొదట నవ్వారు, తర్వాత అర్థం చేసుకున్నారు, ఆ తర్వాత వాళ్ళే వాడుకోవడం మొదలుపెట్టారు. బంతి నేను తీసుకుంటాను, మీరు తప్పుకోండి అనడానికి "నాది". కాలితో ఆపకుండా పోనివ్వమనడానికి "వదులు". నీ వెనక మనిషి ఉంది జాగ్రత్త అనడానికి "ఎనక". ఎదుటి జట్టుకు ముక్క అర్థమయ్యేది కాదు. బంగారు జుట్టు పిల్లలు కొండ మీద నిలబడి అనంతపురం యాసలో కేకలు వేస్తుంటే, ఆట చూడడానికి వచ్చిన తెలుగువాళ్ళు టీ కప్పులు పట్టుకుని అలా నిలబడిపోయేవారు.

ఆ మాటలు వాడని పిల్ల జట్టు మొత్తంలో ఒక్కతే. ఆమె ఒక్కతే తెలుగు పిల్ల.

ఆమె మా గోల్‌కీపరు. పదహారేళ్ళు. వాళ్ళ నాన్న మా ఆయన పనిచేసే ఆసుపత్రిలోనే మత్తుమందు డాక్టరు, గుంటూరు వైపు మనిషి. ఆ పిల్ల చేతికి తగిలిన బంతి జారేది కాదు. కానీ నోరు విప్పేది కాదు. గోల్‌కీపరుకు చేతులెంత ముఖ్యమో నోరూ అంతే. మైదానం మొత్తం ఎదురుగా కనపడేది ఆ ఒక్కరికే. తక్కినవాళ్ళకు కళ్ళు తనే కావాలి. "చేతులకు జిగురు రాసుకుని పుట్టింది, లవ్. గొంతు మాత్రం ఇంట్లో పెట్టి వస్తుంది," అనేవాడు ప్లంబరు.

అది ఇంట్లో లేదని నాకు తెలుసు. ఆ గొంతు పని అంతా వాళ్ళ నాన్నే చేసేవాడు. ప్రతి ఆటకూ అందరికంటే ముందు వచ్చి, మూడు కాళ్ళ స్టాండు మీద కెమెరా బిగించి, ఇక గోల్ వెనక కంచె పట్టుకుని అటూ ఇటూ పరుగెత్తేవాడు. "నాన్నా, కాళ్ళు! కాళ్ళు కదుపు! ముందుకు రా, లైన్ మీదే ఉండకు! ఆ పొడుగు పిల్లను చూడు!" చెడ్డ మనిషి కాదు. ఆపరేషను బల్ల దగ్గర నిద్రపోతున్న మనిషి ఊపిరిని గంటల తరబడి కనిపెట్టుకుని ఉండడం ఆయన ఉద్యోగం. ఆ అలవాటే ఇక్కడికీ తెచ్చాడనుకుంటాను. ఆయన అరిచినకొద్దీ ఆ పిల్ల పెదవులు బిగుసుకునేవి.

బ్రిస్బేన్‌లోని పెద్ద క్లబ్బొకటి ఆ పిల్లను అడిగింది. వాళ్ళకప్పటికే ఇద్దరు కీపర్లున్నారు. ఈమె మూడోది అవుతుంది. అయినా అక్కడుంటేనే అమెరికావాళ్ళ కంట పడుతుందని డాక్టరు గారి నమ్మకం.

"మీరేమంటారక్కా? పంపొచ్చంటారా?" అని ఒక సాయంత్రం నన్నడిగారు.

"నన్ను కాదు డాక్టరు గారూ, పాపను అడగండి."

"అడిగానండీ. ఓకే అంది."

"దేనికి ఓకే అనదు ఆ పిల్ల?"

ఆయన నవ్వేశారు. నేను నవ్వలేదు. ఆ నెలలోపు ఆ క్లబ్బుకు జవాబు చెప్పాలి.

ఇంకో పిల్ల సంగతి కూడా చెప్పాలి. మా స్ట్రైకరు. గోల్స్ కొట్టే పిల్ల. పడమటి మైదానాల్లో పత్తి పండించే రైతు కూతురు. ప్రతి శనివారం వాళ్ళమ్మ తెల్లవారకముందే పొలం ట్రక్కులో కూర్చోబెట్టుకుని మా ఊరికి తీసుకొచ్చేది. ఇంత దూరమే ఆ ఇంటికి ఎక్కువ. బ్రిస్బేన్ మాట వాళ్ళు కలలో కూడా అనుకోలేరు. కానీ ఆ పిల్ల బంతితో పరుగెత్తుతుంటే గాలి దారి ఇచ్చినట్టుండేది. గోల్‌కీపరు, ఈ పిల్ల ప్రాణస్నేహితులు. ఒకరు మాట్లాడరు, ఇంకొకరు ఆపరు.

ప్లంబరు మేనకోడలు అంతకుముందు అమెరికాలో ఒక కాలేజీ జట్టుకు ఆడింది. ఆ అమ్మాయి చెప్పగా చెప్పగా, వాళ్ళ అసిస్టెంటు కోచ్ ఒకావిడ ఆస్ట్రేలియా వచ్చినప్పుడు కొండెక్కి మా స్ట్రైకరును చూడడానికి ఒప్పుకుంది. ఒక్క పూటే. మధ్యాహ్నం మళ్ళీ బ్రిస్బేన్ వెళ్ళి సిడ్నీ విమానం ఎక్కాలి. ఆమెకు వీలుగా ఉండాలని ప్లంబరే అందరితో మాట్లాడి ఆటను పొద్దుటికి జరిపించాడు. అది జూన్ నెల, ఇక్కడ చలికాలం. ఈ కొండ మీదే పుట్టి, ఇక్కడే జుట్టు నెరిసిన మనిషి, జూన్ పొద్దున ఇక్కడేముంటుందో మరచిపోయాడు.

ఆ రోజు నేను మైదానానికి వెళ్ళేసరికి మైదానం లేదు. కారు దిగి గడ్డి మీద కాలు పెట్టాక గానీ వచ్చానని తెలియలేదు. తెల్లటి గోడలోంచి ప్లంబరు నడిచొచ్చాడు, చేతులు జేబుల్లో పెట్టుకుని. ఆయన ముఖం కూడా ఆ మంచు రంగులోనే ఉంది.

"ఏమనకు, లవ్," అన్నాడు.

ఆ రోజు మాతో ఆడడానికి వచ్చింది కూడా గోల్‌కీపరును అడిగిన ఆ పెద్ద క్లబ్బే. వాళ్ళ బస్సు లైట్లు రెండు పసుపు మచ్చల్లా వచ్చి ఆగాయి. కాసేపటికి మంచు కొంచెం పలచబడింది. రిఫరీ, యూనివర్సిటీలో చదువుకునే అమ్మాయి, ఒక గోల్ దగ్గర నిలబడితే రెండోది లీలగా కనపడుతోందని ఈల ఊదింది. ఆట మొదలైన కాసేపటికే లోయలోంచి ఇంకో పెద్ద అల వచ్చింది. మా స్ట్రైకరు బంతి తీసుకుని పరుగెత్తుతూ పరుగెత్తుతూ, చూస్తుండగానే తెల్లబడి, మాయమైపోయింది. రిఫరీ మళ్ళీ ఈల ఊది ఆట ఆపేసింది.

అమెరికా కోచ్ ముప్పై దాటిన మనిషి. ఒకదానిపై ఒకటి రెండు జాకెట్లు వేసుకుని నా పక్కన నిలబడి ఉంది. "ఇది ఎంతసేపుంటుంది?" అని అడిగింది. దానికి జవాబు తెలిసినవాడు ప్లంబరు ఒక్కడే. ఆయన టీ తేవడానికి వెళ్ళిపోయాడు.

పిల్లలు చలికి ఎగురుతున్నారు. ఎంతసేపని ఎగురుతారు? "కోచ్, ఊరికే ఆడుకోవచ్చా?" అని మా స్ట్రైకరు గొంతు అడిగింది. అవతలి జట్టు పిల్లలు కూడా బస్సులోంచి దిగారు. నేను రిఫరీ వైపు చూశాను. ఆ అమ్మాయి టీ కప్పులో ముఖం పెట్టుకుని, "నాకేమీ కనపడట్లేదు. కాబట్టి నేనేమీ చూడలేదు," అంది.

అలా మొదలైంది.

దాన్ని ఎలా చెప్పాలో ఇప్పటికీ నాకు తెలియదు. చూడడానికి ఏమీ లేని ఆట అది. అంతా తెలుపు. ఆ తెలుపులోంచి ఒక మోకాలు బయటపడుతుంది, ఒక జడ ఊగుతుంది, మళ్ళీ ఏమీ లేదు. తడి గడ్డి మీద బూట్ల చప్పుడు దగ్గరికొస్తుంది, ఎవరో వస్తున్నారని తప్పుకుంటాం, ఎవరూ రారు. బంతిని తన్నిన శబ్దం ఒకచోట, నవ్వు ఇంకోచోట. ఎక్కడో చెట్ల మీద మ్యాగ్‌పై పిట్టలు వేణువులో నీళ్ళు పోసినట్టు పాడుతున్నాయి. నేను కళ్ళు తెరిచి ఉన్నానో మూసి ఉన్నానో నాకే తేడా తెలియలేదు.

మొదట్లో అంతా గుద్దుకోవడం, సారీలు, కేరింతలు. అప్పుడు మా గోల్ వైపు నుంచి ఒక గొంతు లేచింది.

"మాట్లాడండి! అందరూ మాట్లాడండి! నాకు మీరు కనపడట్లేదు!"

ఇంగ్లీషులోనే. ఆ గొంతు నాకు కొత్త. లోతుగా, నిబ్బరంగా ఉంది. మా పిల్లలు ఒక్కొక్కరే తమ చోటు నుంచి పలకడం మొదలుపెట్టారు. ఇక్కడ, ఇక్కడ అని. ఆ గొంతు వాళ్ళను చెవితోనే సర్దుకుంది. నువ్వు ఇంకాస్త ఇటు రా, నువ్వు ముందుకెళ్ళు, నువ్వు అక్కడే ఉండు. ఆపైన బంతి మా వైపు వస్తున్న చప్పుడు.

"ఎనక! నీ ఎనక! వదులు, వదులు... నాదీ!"

తర్వాత బంతి గ్లవుజుల్లో పడిన చప్పుడు. మెత్తగా, తలుపు మూసుకున్నట్టు.

కంచె దగ్గర డాక్టరు గారు నా పక్కకు వచ్చి నిలబడ్డారు. కెమెరా స్టాండు మీద తనపాటికి తాను తెల్లదనాన్ని చిత్రిస్తోంది. ఆయన నోరు కాస్త తెరుచుకుని ఉంది.

"ఎవరక్కా ఆ పిల్ల? మీరు కొత్తగా చేర్చుకున్నారా?"

"మీ పాపే, డాక్టరు గారూ."

"ఊరుకోండి. మా పాప ఇంట్లో కూడా ఇంత గట్టిగా మాట్లాడదు."

మంచులోంచి మళ్ళీ కేక వచ్చింది. ఈసారి ఆయన గుర్తుపట్టారు. కంచె మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయారు. ఏదో అరవబోయి నోరు తెరిచారు. దేనికని అరవాలి? పిల్ల ఎక్కడుందో ఆయనకు కనపడదు, ఆయన ఎక్కడున్నారో పిల్లకు కనపడదు. నోరు మూసుకున్నారు.

అవతల అమెరికా కోచ్ ఏకంగా కళ్ళే మూసుకుంది. "ఏమంటోంది ఆ అమ్మాయి?" అని అడిగింది.

"నాది అంటోంది. బంతి నాది అని."

"ఏ భాష అది?"

"తెలుగు," అన్నాను. అనంతపురం తెలుగని చెప్పాలనిపించింది గానీ, విమానానికి టైమవుతుందని ఊరుకున్నాను.

పిల్లలు అలసిపోయి ఆపేశాక ఆమె నేరుగా గోల్‌కీపరు దగ్గరికి వెళ్ళింది. ఇలాంటి గొంతు నేను కాలేజీ జట్ల వెనక కూడా ఎక్కువగా వినలేదు, వచ్చే సీజన్ పెద్ద లీగులో ఆడు, వీడియోలు పంపు, మాట్లాడుకుందాం అంది. పక్కనే డాక్టరు గారి ముఖం వెలిగిపోయింది. పెద్ద లీగు అంటే పెద్ద క్లబ్బే కదా. ఆయన ఏడాదిగా అంటున్న మాటే అది.

తర్వాత ఆమె మా స్ట్రైకరు వైపు తిరిగింది. "సారీ, నువ్వసలు కనపడనే లేదు. నీ వీడియో ఏదైనా ఉంటే పంపు."

ఆ పిల్లకు వీడియో ఎక్కడిది? వాళ్ళమ్మ ఫోనులో తీసినవి, సగం ఆకాశం, సగం వేలు. "నో వర్రీస్," అంది స్ట్రైకరు. ఇక్కడివాళ్ళు గుండె పగిలినప్పుడు కూడా అదే మాట అంటారు. అని, వెనక్కి తిరిగి, గడ్డిలో పెట్టిన ప్లాస్టిక్ కోన్లను ఒక్కొక్కటే ఏరుతూ మంచులోకి వెళ్ళిపోయింది. ట్రక్కులో వాళ్ళమ్మ స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి ముందుకు చూస్తూ కూర్చుంది. ముందు చూడడానికి ఏమీ లేదు.

అమెరికా కోచ్ కారు తాళాలు తీసింది. అప్పుడు గోల్‌కీపరు, గ్లవుజులు చంకలో ఇరికించుకుని, ఆమెకు అడ్డంగా వెళ్ళి నిలబడింది.

"మీరు ఆమెను చూడడానికి వచ్చారు," అంది.

"అవును. కానీ..."

"చూడలేదు. మధ్యాహ్నానికి ఇది పోతుంది. ప్లీజ్, ఉండండి."

"నాకు ఫ్లైటుంది, స్వీటీ."

"సాయంత్రం ఇంకోటి ఉంటుంది. ఆమెకు ఇంకో రోజు లేదు."

ఆ మాట మెల్లగానే అంది. కానీ అందరికీ వినపడింది. డాక్టరు గారు ముందుకు వచ్చి, "నాన్నా, అలా అనకూడదు, ఆవిడకు పనులుంటాయి," అని తెలుగులో అన్నారు. తనకొచ్చిన అవకాశం ఆవిడ మనసు మారి ఎక్కడ చెడుతుందోనని ఆయన భయం. ఆ పిల్ల ఆయన వైపు తిరగలేదు. కోచ్ ముఖంలోకే చూస్తూ నిలబడింది.

అమెరికా ఆవిడ మంచును చూసింది, గడియారాన్ని చూసింది, చివరకు ఫోను తీసి ఎవరితోనో మాట్లాడింది. తర్వాత ప్లంబరును చూసి, "వాసన వస్తోంది, సాసేజీలు ఎక్కడ కాలుస్తున్నారు?" అని అడిగింది. పొద్దుటి నుంచి మొదటిసారిగా ఆయన ముఖంలోకి రంగు వచ్చింది.

పెద్ద క్లబ్బు బస్సు వెళ్ళిపోయింది. మేమంతా క్యాంటీను రేకుల కింద రొట్టెలో సాసేజీలు చుట్టుకుని తింటూ కూర్చున్నాం. మాంసం తినను కాబట్టి నాకు మాత్రం ఉల్లిపాయలు. మధ్యాహ్నం తిరిగేసరికి పైన ఎక్కడో వెలుగు తెలిసింది. మొదట యూకలిప్టస్ చెట్ల తలలు తేలాయి, కాళ్ళు లేకుండా. తర్వాత గోల్ పోస్టుల అడ్డ కర్ర, దాని కింద వల. ఆ తర్వాత తెలుపంతా గడ్డి మీదికి దిగి, మోకాళ్ళ లోతు పాలలాగా కాసేపు నిలిచి, ఇంకిపోయింది. ఎర్రమట్టి, పచ్చగడ్డి, నీలపు ఆకాశం అన్నీ ఎవరో అప్పుడే కడిగి ఆరబెట్టినట్టు బయటపడ్డాయి.

ఎదుటి జట్టు లేదు కాబట్టి మా పిల్లలనే రెండుగా విడదీశాను. స్ట్రైకరు ఒకవైపు. ఆమెకు ఎదురుగా గోల్‌లో ఎవరు నిలబడాలి? నేను అడగకముందే మా కీపరు గ్లవుజులు బిగించుకుని నడిచింది.

నేను పక్కకు పిలిచి మెల్లగా, "ఏం సామీ, ఎట్ల ఆడతావు?" అని అడిగాను.

"ప్రాపర్‌గా, ఆంటీ," అంది. "నేను వదిలేస్తే దానికి తెలిసిపోతుంది. హర్ట్ అవుతుంది."

ఇప్పుడు అందరూ కనపడుతున్నారు. కంచె దగ్గర డాక్టరు గారు కూడా కనపడుతున్నారు. స్ట్రైకరు మొదటిసారి బంతితో దూసుకొచ్చినప్పుడు ఆయన నోట పాత అలవాటు వచ్చేసింది. "నాన్నా, కాళ్ళు!" ఆ పిల్ల తల ఒక్క క్షణం అటు తిరిగింది. బంతి వలలో పడింది. పెదవులు మళ్ళీ బిగుసుకున్నాయి. పొద్దుటి గొంతు మంచుతో పాటే ఇంకిపోయినట్టు మైదానం మూగబోయింది.

డాక్టరు గారు కూతురి ముఖం చూశారు. నేను ఆయన్ని చూస్తున్నాను. ఆయన కెమెరాను ఊడదీసి, స్టాండు మడిచి, చంకన పెట్టుకుని, మైదానానికి వీపు తిప్పి నడిచి వెళ్ళిపోయారు. కారు తలుపు మూసిన చప్పుడు వినిపించింది.

పిల్ల కంచె వైపు చూసింది. ఖాళీగా ఉంది. కొంచెంసేపు అలాగే చూసింది. తర్వాత గోల్ లైను మీది నుంచి ముందుకు జరిగి, మోకాళ్ళు వంచి, అరిచింది. "మాట్లాడండర్రా!" ఆ "అర్రా" ఎక్కడ నేర్చుకుందో. నేను నేర్పింది కాదు, గుంటూరుది అది.

ఆ తర్వాత ఆట చూడవలసిందే. స్ట్రైకరు గాలిలా వచ్చేది, కీపరు గోడలా లేచేది. ఎక్కువసార్లు కీపరే గెలిచింది. కానీ ఒకసారి స్ట్రైకరు ముగ్గురిని దాటుకుని, బంతిని ఎడమ కాలి మీదికి మార్చుకుని, కీపరు చాచిన వేళ్ళ అంచున మూలకు కొట్టింది. ఆపడానికి వీల్లేనిది అది. నేలన పడ్డ కీపరే ముందు లేచి స్నేహితురాలిని ఎత్తుకుని తిప్పింది. అమెరికా కోచ్ చప్పట్లు కొట్టలేదు. వాళ్ళు కొట్టరు. కానీ రెండు జాకెట్లలో ఒకటి తీసి భుజాన వేసుకుంది. ఆమెకు వెచ్చబడిందని నాకు తెలిసింది.

ఆ సాయంత్రం కారు దగ్గర తండ్రీకూతుళ్ళ మాటలు నా చెవిన పడ్డాయి. నన్ను పక్కకు వెళ్ళనివ్వకుండా ఆ పిల్లే నా చెయ్యి పట్టుకుని ఉంది.

"డాడీ, నేను ఆ క్లబ్‌కి వెళ్ళను. ఈ ఇయర్ ఇక్కడే ఉంటా."

"మరి కాలేజీ వాళ్ళు? ఆవిడే అంది కదా, పెద్ద లీగులో..."

"అక్కడ బెంచ్ మీద కూర్చోవాలి. ఇక్కడ నేను చెప్తే అందరూ వింటారు."

డాక్టరు గారు తాళాలు చేతిలో తిప్పారు.

"నేను కనపడకపోతేనే బాగా ఆడతావా నాన్నా?" అని అడిగారు. కోపంగా కాదు. నిజంగా తెలుసుకోవాలని.

ఆ పిల్ల ఆయన భుజానికి తల ఆనించింది. నేను చెయ్యి విడిపించుకుని నా కారు వెతుక్కుంటూ వెళ్ళిపోయాను.

కాసేపటికి ఆయన నా ఫోనుకు వీడియో పంపారు. పొద్దుటి ఆట. తెర నిండా తెలుపు తప్ప ఏమీ లేదు, గొంతులు తప్ప. కింద రాశారు: "దీన్ని ఏ కాలేజీకి పంపమంటారక్కా?" ఆయన హాస్యమాడగలరని నాకు అప్పుడే తెలిసింది.

స్ట్రైకరును ఆ కాలేజీ మరుసటి ఏడు తీసుకుంది. అక్కడ ఆ పిల్ల చలికి ఏడ్చింది, మంచులో ఫొటోలు పంపింది, చదువు పూర్తి చేసింది. గోల్‌కీపరు అమెరికాకు వీడియోలేమీ పంపలేదు. పెద్ద క్లబ్బుకూ వెళ్ళలేదు. స్కూలయ్యాక బ్రిస్బేన్‌లో యూనివర్సిటీలో చేరి అక్కడి జట్టుకు ఆడుకుంది. వెళ్ళుంటే ఏమయ్యేదో నాకు తెలియదు. మీకు ఏ క్లబ్బు మంచిదో కూడా తెలియదు. పిల్లకు ఎక్కడ నోరు పెగులుతుందో ఒక్కసారి చూసుకోండని మాత్రం అంటాను.

అన్నిటికంటే నాకు ఎక్కువగా గుర్తొచ్చేది ఆ సీజనులోనే, ఆగస్టులో ఒక ఎండ పొద్దు. డాక్టరు గారు ఒక్క ఆటకూ రాకుండా ఉండలేదు. కానీ కారును రోడ్డు వైపు తిప్పి, మైదానానికి వీపు పెట్టి ఆపుకునేవారు. కెమెరా లేదు, అద్దంలోకి చూడడం కూడా లేదు. అద్దం పైకి మడిచేవారు. ఆ రోజు సగం ఆట విరామంలో టీ పోసుకుని ఆయనకూ ఒక కప్పు తీసుకెళ్ళాను. మాట్లాడుతుండగానే రెండో సగం మొదలైంది. కాసేపటికి మా వెనక పెద్ద కేక, అవతలి జట్టువాళ్ళ చప్పట్లు.

"గోల్ పడింది," అన్నారు ఆయన. "మన వలలోనే."

ఆయన చెయ్యి తలుపు పిడి మీదికి వెళ్ళింది. పిడిని పట్టుకుంది. టీ చల్లారుతోంది. నేను ఏదో ఓదార్పు మాట వెతుక్కుంటున్నాను.

"ష్," అన్నారు. "ఉండండక్కా. వాళ్ళకేదో చెప్తోంది."

పిడి మీది చెయ్యి తీసి, సగం దించి ఉన్న కిటికీని పూర్తిగా కిందికి దించారు.